పాత బొమ్మ విమానపు ఇంజను, దానికి తగిన ప్రొపెల్లరు, మన వేళ్లు

ఆరోగ్యం గురించి చెప్పుకునే చోట బొమ్మ విమానాల ఇంజన్లకు పనేమిటని మీకు అనిపించవచ్చు. మిరపకూ పత్తికీ మందు కొట్టే డ్రోన్ల మాటైతే అర్థం ఉంది. అవి ఇప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాల మీద తరచుగా కనిపిస్తున్నాయి. అరచేతిలో ఇమిడిపోయే ఒక పాత ఇంజనూ, దాని ముక్కుకు బిగించే జానెడు చెక్క పంకా ఎవరిని ఏమి చేస్తాయి? ఈ ప్రశ్నకు ఒక చిన్న లెక్కతో సమాధానం చెబుతాను. 9 అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. దాని కొన గంటకు దాదాపు 388 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సెకనుకు 150 చుట్లు. రెండు రెక్కలు గనుక ఒకే చోటును సెకనుకు 300 సార్లు కోస్తుంది. దెబ్బ తగిలిందని మెదడు గ్రహించి చేతిని వెనక్కు లాగడానికి ఆరోగ్యవంతుడికైనా సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ లోపల అరవై కోతలు పూర్తయి ఉంటాయి.

ఇంతకూ ఈ విషయం వ్రాయడానికి కారణం మా తుళ్లూరు మాస్టారు. భూసమీకరణ తరువాత ఈ ప్రాంతంలో పాత పెంకుటిళ్లు కూలి మేడలు లేచాయి. ఇల్లు మారినప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి. మాస్టారి పెట్టెలో, ఆయన కళాశాల రోజుల్లో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో ఉన్నప్పటి మోడల్ డీజిల్ ఇంజను ఒకటి బయటపడింది. దానితో పాటు రెండు ప్రొపెల్లర్లు. ఒకటి పచ్చబడిపోయిన నైలాన్ ముక్క, దాని మీద 7×4 అని ఉంది. రెండవది చెక్కది, 11×6. మొదలు దగ్గర వెంట్రుకవాసి పగులు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమడు ఇంజనును కిరోసినులో కడిగి, "తాతగారూ, నైలాన్‌ది బాగానే ఉంది, ఇది బిగించి తిప్పుదాం" అన్నాడట. తిప్పేముందు మాస్టారు నాకు ఫోను చేశారు. ఆయన అడిగింది ప్రొపెల్లరు గురించి కాదు. "డాక్టరు గారూ, నేను రక్తం పలచబడే మందులు వాడుతున్నాను గదా, వేలికి దెబ్బ తగిలితే ప్రమాదమా?" అని అడిగారు. నా దృష్టిలో ఆ రెండూ ఒకే ప్రశ్న. తగిన ప్రొపెల్లరు బిగించిన ఇంజను సులువుగా అంటుకుంటుంది, నిలకడగా తిరుగుతుంది. చేయి దాని దగ్గరకు పోవలసిన సందర్భాలు తగ్గుతాయి. తగనిది బిగిస్తే వేలు పదే పదే ఆ రెక్కల మధ్యకు పోవలసి వస్తుంది.

ముందుగా ఆ అంకెల అర్థం చూద్దాం. 9×4 అని వ్రాసి ఉంటే, మొదటిది ఈ కొన నుంచి ఆ కొనకు పొడవు, అంగుళాల్లో. రెండవది పిచ్, మర కర్రలోకి దిగినట్లు ప్రొపెల్లరు జారకుండా ముందుకు పోగలిగితే ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు పోతుందో ఆ దూరం. 4 అంగుళాల పిచ్‌తో నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం గంటకు 55 కిలోమీటర్ల వేగం వస్తుంది. గాలిలో జారుడు తప్పదు గనుక విమానం అంతకన్నా నెమ్మదిగానే పోతుంది. పొడవు ఎక్కువ, పిచ్ తక్కువ అయితే ఎత్తుకు ఎక్కే బలం; పొడవు తక్కువ, పిచ్ ఎక్కువ అయితే వేగం. ఎడ్లబండి ఎత్తు ఎక్కేటప్పటి నడకా, చదును మీది పరుగూ వేరు కావా, అలాంటిదే.

ఇంజను మీద పడే బరువును అంచనా వేయడానికి ఒక మోటు సూత్రం ఉంది. పొడవును దానితోనే నాలుగుసార్లు గుణించి, వచ్చినదాన్ని పిచ్‌తో గుణించండి. ఒకే వేగంతో తిప్పడానికి కావలసిన శక్తి ఆ అంకెను బట్టి పెరుగుతుంది. రెక్క వెడల్పు, ఆకారం మారితే ఫలితం కొంత మారుతుంది. అయినా రెండు ప్రొపెల్లర్లను పోల్చుకోవడానికి ఇది చాలు. 9×4కు ఈ అంకె 26,244. 8×6కు 24,576. చూడటానికి వేరువేరుగా ఉన్నా ఈ రెండూ ఇంజనుకు ఇంచుమించు ఒకే బరువు. అలాగే 10×4, 9×6 జంట. 10×6ను తీసి 11×6 పెడితే, ఒక్క అంగుళమే గదా అనిపిస్తుంది. బరువు మాత్రం 46 శాతం పెరుగుతుంది. పిచ్‌లో చేసే మార్పు కన్నా పొడవులో చేసే మార్పు ఎంత తీవ్రమైనదో ఇక్కడే తెలుస్తుంది. మందు మోతాదుకు అలవాటుపడిన నా బుద్ధికి ఇది వెంటనే పట్టింది.

ఇప్పుడు మాస్టారి ఇంజను చూద్దాం. దాని మీది పేరు చెరిగిపోయింది. మన దేశంలో ఆ కాలపు కుర్రవాళ్ల చేతికి వచ్చినవాటిలో కలకత్తాలో తయారైన అరోరా ఇంజన్లు ముఖ్యమైనవి. అక్కడే బ్రిటన్ మిల్స్ ఇంజన్ల నమూనాలో కూడా చిన్న డీజిళ్లు చేశారు. ఇది ఏదైనా కానివ్వండి, పేరు లేకపోయినా కొలత ఉంటుంది. సిలిండరు లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, పిస్టను నడక 14 మిల్లీమీటర్లు. వ్యాసపు వర్గాన్ని నడకతో గుణించి 0.785తో హెచ్చవేస్తే 2,473 ఘన మిల్లీమీటర్లు, అంటే సుమారు 2.5 సీసీ. అమెరికా లెక్కలో దీన్నే పాయింట్ 15 అంటారు. అది ఘనపు అంగుళాల్లో చెప్పిన కొలత.

ఈ తరగతి పాత డీజిలుకు 9×4 గానీ 8×6 గానీ సహజమైన జోడు. బల్ల మీద బిగించి మొదటిసారి తిప్పేటప్పుడు 10×4 కూడా సరిపోతుంది. మాస్టారి పెట్టెలోని 7×4కు పైన చెప్పిన అంకె 9,604 మాత్రమే. 9×4లో 37 శాతం. 11×6కు 87,846, మూడు రెట్లకు పైన. ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకున్న ఆ రెంటి మధ్య తొమ్మిది రెట్ల తేడా ఉన్నది. రెండూ ఆ ఇంజనువి కావు. ఎవరో ఎప్పుడో వేరే ఇంజన్ల కోసం కొన్నవై ఉంటాయి.

మనుమడు ముచ్చటపడిన 7×4 బిగిస్తే ఏమవుతుంది? రెండు జరుగుతాయి. మొదటిది, ఇంజను అంటుకోదు, లేదా మొండికేస్తుంది. చిన్న ఇంజనుకు ప్రొపెల్లరే చక్రం. వేలితో కొట్టిన ఒక్క దెబ్బలోని ఊపును దాచుకుని పిస్టనును ఒత్తిడి దాటించవలసింది అదే. తేలికైన పొట్టి రెక్కకు ఆ నిలవ ఊపు ఉండదు. పిస్టను పైదాకా వెళ్లకముందే ఇంధనం రగిలి ప్రొపెల్లరు వెనక్కు తన్నుతుంది. డీజిలు కరిచిందని అనుభవజ్ఞులు అనేది ఈ వెనుదన్నునే. చూపుడు వేలి గోటి మొదలు మీద ఆ కాటు పడుతుంది. రెండవది, ఎలాగో అంటుకుంటే వేగం మితిమీరుతుంది. అదే శక్తికి లెక్క ప్రకారం 9,000 కాస్తా 12,600 అవుతుంది. పిస్టనూ దాన్ని లాగే కడ్డీ ఒక్కొక్క చుట్టుకు పైనా కిందా ఆగి తిరిగేటప్పటి లాగుడు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, అది దాదాపు రెట్టింపవుతుంది. అరవై ఏళ్ల నాటి ఇనుప పిస్టనుకు, బుష్ లేని కడ్డీకి ఇది తగిన శిక్ష కాదు. అవి నింపాదిగా తిరగడానికి పుట్టినవి. 1930ల నాటి బ్రౌన్ జూనియర్ అనే అమెరికా స్పార్కు ఇంజను 10 సీసీది. దానికి 14 అంగుళాల ప్రొపెల్లరు వాడేవారు. ఈనాటి 10 సీసీ ఇంజను 11×7తో పరుగెడుతుంది. సీసీ ఒకటే అయినా వయస్సు వేరు, నడక వేరు. అందుకే కొత్త ఇంజన్ల పట్టికలు చూసి పాతవాటికి ప్రొపెల్లరు కొనవద్దు. తాతకు మనుమడి చెప్పులు తొడిగినట్లుంటుంది.

పెద్దదైన 11×6 బిగిస్తే దీనికి విరుద్ధం. ఇంజను 6,000 దగ్గర మూలుగుతుంది, వేడెక్కుతుంది. వేడెక్కిన డీజిలులో ఇంధనం ముందుగానే రగులుతుంది. పై మరను కొంచెం వదులు చేయకపోతే కడ్డీ వంగుతుంది. మన వేసవి దీనికి తోడు. 15 డిగ్రీల చలిదేశపు గాలి కన్నా మన 42 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతానికి పైగా తక్కువ. రెక్కకు బరువు తగ్గుతుంది, కానీ ఇంజను పీల్చే గాలీ అంతే తగ్గుతుంది. కాబట్టి చుట్లు పెద్దగా మారవు, ముందుకు లాగే బలం మాత్రం తగ్గుతుంది. చల్లబడటం కష్టమవుతుంది. ఇంగ్లండులోనో జపానులోనో అచ్చయిన పట్టికలో రెండు కొలతలు ఇస్తే, ఏప్రిల్, మే నెలల్లో తుళ్లూరులో తేలికైనదానినే ఎంచుకోండి.

తక్కిన తరగతుల మాట క్లుప్తంగా చెబుతాను. 0.8 సీసీ, అంటే పాయింట్ 049 బుల్లి గ్లో ఇంజన్లకు 6×3. 1.5 సీసీ డీజిలుకు 8×4. తీగ కట్టి గుండ్రంగా తిప్పే విమానాల్లో పేరుపడిన 5.7 సీసీ, అంటే పాయింట్ 35 ఇంజన్లకు 10×6. ఇవి మొదలుపెట్టడానికి పనికివచ్చే కొలతలు. తరువాత చుట్లు కొలిచి అరంగుళం, అంగుళం అటూ ఇటూ జరుపుకోవాలి.

చుట్లు ఎలా కొలవాలి? పాత చేతులవాళ్లు చెవితో కొలుస్తారు. ఇంధనం ఎక్కువైతే ఇంజను బొంగురుగా, తగ్గితే కీచుగా పలుకుతుందని వాళ్లకు తెలుసు. కానీ అరవై దాటిన చాలామందికి ముందుగా పోయేది ఎక్కువ స్థాయి శబ్దాల వినికిడే. సూది తిప్పుతూ, "ఇంకా కీచుదనం రాలేదే" అనుకుని ముందుకు వంగే పెద్దాయన తన ముఖాన్ని ప్రొపెల్లరుకు దగ్గర చేస్తున్నాడు. కాంతితో పనిచేసే చిన్న టాకోమీటరు కొనుక్కోండి. అది సరిగా ఉన్నదో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. పాత రకం చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. రెండు రెక్కల అమరికలో ఉంచిన టాకోమీటరును దాని వైపు చూపిస్తే సరిగ్గా 3,000 చూపాలి. అదే కారణంగా ట్యూబులైటు కింద ఇంజను చుట్లు కొలవకూడదు. దీపం మిణుకునే లెక్కపెట్టి ఊరుకుంటుంది. ఎల్.ఇ.డి. దీపాలను ఈ పరీక్షకు నమ్మవద్దు.

ప్రొపెల్లరు కొలత కుదిరింది గదా అని వెంటనే బిగించవద్దు. సమతూకం చూడాలి. నున్నని సన్నటి ఇరుసును రంధ్రంలో దూర్చి రెండు బ్లేళ్ల అంచుల మీద పెట్టండి. ఒక రెక్క ఎప్పుడూ కిందికి దిగుతుంటే ఆ రెక్క వెనుక భాగాన్ని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దండి. ఇది చాదస్తం కాదు. నడిమి నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఒక్క గ్రాము తేడా ఉంటే, నిమిషానికి 10,000 చుట్ల దగ్గర అది అయిదున్నర కిలోల బరువుగా మారి ఇంజనును సెకనుకు 166 సార్లు అటూ ఇటూ గుంజుతుంది. అదే వేగంలో 8 గ్రాముల రెక్కను మొదలు నుంచి పీకే బలం ఇంచుమించు 45 కిలోలు. పగులున్న చెక్కకు, ఎండి పెళుసెక్కిన నైలానుకు అంత బలం ఎక్కడిది? కొత్త నైలాన్ ప్రొపెల్లర్లను నీళ్లలో ఉడకబెట్టి తేమ పట్టించి వాడేవారు. నైలాను తేమ పీల్చి గట్టి సాగుడు తెచ్చుకుంటుంది. కానీ దశాబ్దాలు అటక మీద ఎండిన దానిని ఉడకబెట్టి బ్రతికించాలని చూడకండి. లోహపు రెక్కల ప్రొపెల్లరు అసలే వద్దు. అమెరికాలోని అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ భద్రతా నియమావళి దాన్ని నిషేధించింది.

చెక్క ప్రొపెల్లరు నట్టును ప్రతిసారీ తిప్పేముందు మళ్లీ బిగించి చూడాలి. తొలకరి తేమకు ఉబ్బిన చెక్క రోహిణి కార్తె ఎండకు కుంచించుకుపోతుంది; నట్టు వదులవుతుంది. రంధ్రం ఇరుకైతే రీమరుతోనే పెంచాలి గానీ గుండ్రటి ఆకురాయితో గీకితే నడిమి జరుగుతుంది. ఉబ్బెత్తు వైపు, అంకెలు వ్రాసి ఉన్న వైపు ముందుకు రావాలి. విమానానికి ఎదురుగా నిలబడి చూస్తే మామూలు ప్రొపెల్లరు గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. అచ్చు పోసిన నైలాను రెక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి. వాటిని నునుపు చేయండి.

తిప్పేటప్పుడు వేలు వాడవద్దు. రబ్బరు గొట్టం తొడిగిన గుండ్రటి కర్ర వాడండి. కొందరు దాన్ని పిరికివాళ్ల కర్ర అని వెక్కిరిస్తారు. అలా వెక్కిరించేవారి చూపుడు వేళ్లను ఒకసారి పరిశీలించండి. పాత డీజిలుకు విద్యుత్ స్టార్టరు మాత్రం పెట్టకండి. లోపల ఇంధనం నిండి ఉంటే కడ్డీ విరుగుతుంది. అంటుకున్న తరువాత ప్రొపెల్లరు వెనుక వైపుకు వచ్చి సూది సర్దండి. రెక్కలు తిరిగే తలానికి నేరుగా పక్కన ఎవరూ నిలబడకూడదు, ముఖ్యంగా పిల్లలు. విరిగిన ముక్క పోయే దారి అదే. కండువా, ఉత్తరీయం, వదులు చేతుల చొక్కా పనికిరావు. కంటికి అద్దాలు తప్పనిసరి. ఇంకొక్క మాట, మన ప్రాంతానికే ప్రత్యేకం: మిర్చి కల్లం దగ్గర ఇంజను తిప్పకండి. ప్రొపెల్లరు గాలి లేపిన మిరప ధూళి కంటిలో పడిన మనిషి ఏ వైపుకు చేయి విసురుతాడో అతనికే తెలియదు.

మాస్టారి వంటివారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన వయస్సు 71. గుండెలో స్టెంటు ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు. పదిహేనేళ్లుగా మధుమేహం. చిన్న కోతకు కూడా రక్తం ఆలస్యంగా ఆగుతుంది, పుండు ఆలస్యంగా మానుతుంది. దెబ్బ తగులుతుందేమోనని ముందుగా ఆ మాత్రలు ఆపడం మాత్రం ఎంతమాత్రం కూడదు. స్టెంటు మూసుకుపోవడం వేలి కోత కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. నేను ఆయనకు చెప్పింది ఇదే: ఇంజను మీరు సర్దండి, కర్రతో తిప్పడం మనుమడు చేస్తాడు, మీ చేయి ప్రొపెల్లరు ముందుకు రాకూడదు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా దెబ్బ తగిలితే? శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని గుండె కన్నా ఎత్తుగా ఉంచండి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీయండి. పసుపు, కాఫీ పొడి, సున్నం వేయకండి. పొలం పనుల్లో చేతులు కోసుకున్నవారికి ఆ పొడులు కడిగి తీయడానికే నా సర్వీసులో గంటలు గడిచిపోయాయి. గాయం చిన్నగా కనిపించినా, ఆ వేలి ప్రతి కణుపునూ వంచి, చాచి చూడండి. కొనకు రెండు పక్కలా స్పర్శ తెలుస్తున్నదో లేదో చూడండి. వంగకపోయినా, మొద్దుబారినా నరమో స్నాయువో తెగిందన్న మాట. కుట్లు వేసి పంపేసే చోటుకు కాక చేతి శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్లాలి. వేలు ముక్క తెగిపడితే దాన్ని తడిపిన శుభ్రమైన గాజు గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని మంచు ఉన్న నీటిలో ఉంచండి. ముక్క మంచుకు నేరుగా తగలకూడదు. వేలిలో కండ ఉండదు గనుక చల్లగా ఉంచితే చాలా గంటలు నిలుస్తుంది. అయినా తొందరగా చేరడమే మేలు. ధనుర్వాతపు టీకా మరవవద్దు. 108కు ఫోను చేయండి.

ఇంధనం గురించి చెప్పకపోతే వైద్యుడిగా నా పని సగమే అవుతుంది. మోడల్ డీజిలు ఇంధనం ఈథరు, కిరోసిను, ఆముదం ఇంచుమించు సమపాళ్లలో కలిపినది. ఆముదం మన నేల పంట. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లకు కూడా ఆముదమే పోసేవారు. వేడికి చెక్కుచెదరని జిడ్డు అది. పాత ఇనుప పిస్టన్లకు ఈనాటికీ దానిని మించినది లేదు. ఇక ఈథరు. 1846లో బోస్టన్ నగరంలో మత్తుమందుగా లోకానికి పరిచయమైనది అదే. మన హైదరాబాదులో 1888, 1889ల్లో నిజాం ప్రభుత్వపు అండతో మత్తుమందు కమిషన్లు జరిగాయి గానీ అవి క్లోరోఫాం గురించి. ఈథరు 34.6 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గుంటూరు వేసవి పగలు నీడలోనే 40 దాటుతుంది. మూత తీసిన సీసాలో అది మరిగిపోతున్నదన్న మాటే. దాని ఆవిరి గాలి కన్నా బరువైనది. నేల వెంట పాకి దూరంగా ఉన్న పొయ్యినో బీడీనో అందుకుంటుంది. మూసిన గదిలో మనిషికి మగత కమ్ముతుంది. తెల్లవారుజామున, చల్లటి వేళ, ఆరుబయట కలపండి. చాలాకాలం నిలవ ఉన్న ఈథరులో పేలే పదార్థాలు ఏర్పడతాయి. పాత సీసా మూత తిప్పే ప్రయత్నం కూడా చేయకండి.

గ్లో ప్లగ్ ఇంజన్ల ఇంధనం వేరు. దానిలో అధిక భాగం మిథనాల్. కల్తీసారా మరణాలకు కారణమయ్యే విషం అదే. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ముప్పయి ప్రాణం తీయవచ్చు. గొట్టంతో నోట పీల్చి ట్యాంకులోకి వదిలే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. దాన్ని ఈరోజే మానండి. మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఆ ద్రవాన్ని పోయకండి. తాగిన మనిషి మొదటి పన్నెండు, ఇరవై నాలుగు గంటలు బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. చూపు మసకబారే దాకా ఆగకూడదు. ఆసుపత్రిలో విరుగుడు ఉంది, అవసరమైతే డయాలిసిస్ చేస్తారు. వెళ్లేటప్పుడు ఇంధనం సీసా కూడా తీసుకుపోండి. దానిలో నైట్రోమిథేన్ ఉంటే రక్తపరీక్షలో క్రియాటినిన్ అబద్ధంగా పెరిగినట్లు కనిపించవచ్చు. వైద్యుడికి ఈ సంగతి తెలియడం అవసరం. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు, అది మరొక గొడవ.

ఈ పాత ఇంజన్లకు సైలెన్సరు ఉండదు. పక్కన నిలబడితే శబ్దం వంద డెసిబెల్స్‌కు చేరడం వింత కాదు. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించగల చెవి, 100 దగ్గర పదిహేను నిమిషాలే భరిస్తుంది. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలదు; సరైన మూతలు పెట్టుకోండి. ఎగరవేయాలనుకుంటే డిజిటల్ స్కై పటంలో మీ ప్రదేశం చూసుకోండి. వెలగపూడి సచివాలయం తుళ్లూరు మండలంలోనే ఉన్నదని మరవవద్దు. స్థానిక పోలీసులను అడగకుండా ఏదీ గాలిలోకి లేపకండి.

మాస్టారు ఇప్పటికైతే ఎగరవేయడం లేదు. కొత్త చెక్క 9×4 తెప్పించి, సమతూకం చూసి, మందపాటి బల్లకు ఇంజనును నాలుగు మరలతో బిగించారు. కర్రతో కొట్టిన ఆరో దెబ్బకు అంటుకున్నదట. టాకోమీటరు 8,700 చూపించింది. పాత ఇంజనుకు అది మర్యాదైన నడక. ఇంధనం అయిపోయేదాకా రెండు నిమిషాలు తిరిగి ఆగింది. ఆ సాయంత్రం దాకా ఇల్లంతా ఆముదం వాసన, ఇంట్లోవారి చీవాట్లు.

పచ్చబడిన 7×4ను విరిచి పారేశారు. పగులున్న 11×6 మీద మాత్రం మాస్టారికి మమకారం; అందంగా ఉంది, గోడకు తగిలిస్తానన్నారు. దాన్ని రంపంతో నడిమికి కోసి, రెండు ముక్కలుగా తగిలించుకొమ్మని చెప్పాను. నిండుగా తగిలిస్తే, ఏ సెలవుల్లోనో ఏ మనుమడో దించి ఇరుసుకు బిగించకుండా ఉండడు.